పదకొండు చుక్కలకిచ్చిన కన్ను

శ్రీ ఎల్లస్వామి గారికి మిగిలిన ఎడమ కన్ను కూడా పోతుందేమో, పోయినా ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వరేమో అన్నదే నా అన్ని భయాలలోకీ పెద్దది. అభినందన సంచికలో మొదటి మాటగా ఇది తగదని పెద్దలన్నారు. చిన్నపిల్ల తల్లిని, భయం దాచుకోవడం నాకు చేతకాదు.

వారు 1950 జూన్ 12న భువనగిరి సమీపంలోని మన వేధశాలలో కావలివారుగా చేరారు. చదివింది నాలుగో తరగతే అయినా, వారి చూపులోని నిశితత్వాన్ని గుర్తించిన అధికారులు 1954లో పలకల గదికి మార్చారు. దూరదర్శిని తీసిన గాజు పలకల మీద నక్షత్రాలు నల్లని చుక్కలుగా పడతాయి. వెలుగెక్కువైనకొద్దీ చుక్క పెద్దదవుతుంది. ఒకే నక్షత్ర గుచ్ఛంలో, పూట తిరిగేలోగా వెలుగు పెరిగి తరిగే పదకొండు నక్షత్రాలను, పక్కనున్న మార్పులేని చుక్కలతో పోల్చి, భూతద్దంలో కుడికంటితో అంచనా కట్టడమే పదేళ్లకు పైగా వారు నిర్వహించిన విధి. పాత కొలతల పుస్తకం తెరవకుండా కొలవాలన్నది వారి నియమం.

ఏడో తరగతిలో చదువాగిన నన్ను 1961లో వారికి సహాయకురాలిగా ఇచ్చారు. 1964 వేసవిలో మా పాపకు జ్వరం. ఇంటికి పోవాలన్న ఆత్రంలో నేను పాత పుస్తకం తెరిచి, ఏ చుక్క ఎంతుండాలో ఊహించి, నలభై పలకల లెక్క నింపేశాను. మర్నాడు వారు చూశారు.

"అమృతమ్మా, గీ చుక్కలు నిన్నటిసంది గింత బుద్ధిమంతులెట్లయినయ్?"

"కొలిచిన కాకా."

"కొలిస్తె ఒక్క తప్పన్న వస్తది బిడ్డా. నాకే వస్తది. నీకొక్కటి రాలే!"

ఏడ్చేశాను. "పాపకు జరం కాకా. నౌకరీ పోతది."

"పిల్లకు నయమైనంక ఏడువు. ఇప్పుడు దవాఖానకు ఉరుకు. పలకలు నేను చూస్త."

నలభై పలకలనూ వారే తిరిగి కొలిచారు. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలోనే మహబూబ్‌నగర్‌లో తమ కుడికంటికి జరగవలసిన ఆపరేషను తేదీని వదులుకున్నారని నాకు తర్వాత తెలిసింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపును తినేసే నీటికాసుల జబ్బు వారికోసం ఆగలేదు. ఆ కన్ను పోయింది. పలకల లెక్క ఆలస్యమైనందుకు అధికారులు సంజాయిషీ అడిగిన కాగితం మీద "నా నిర్లక్ష్యమే" అని రాసి సంతకం చేశారు. ఆ నిర్లక్ష్యం నాది. రెండేళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఏమి చేసుకుంటారో చేసుకోండి.

ఆ కొలతలతో అచ్చయిన వ్యాసంలో ముగ్గురు పెద్దల పేర్లున్నాయి. వారి పేరు లేదు. ఆ ముగ్గురే ఇవాళ శాలువా కప్పుతున్నారు.

"జర అడగరాదా కాకా?" అన్నాను.

"చుక్కలకే పేర్లు లేవు, నంబర్లే. నాదేంది?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ జూన్ 30న విరమించి, వారు మహబూబ్‌నగర్ స్టేషను వెనుక గోపమ్మ గారింట్లో కిరాయి గదిలో ఒంటరిగా ఉండబోతున్నారు. రోజూ మందు చుక్కలు వేసుకోవాలి. నెలకోసారి కన్ను చూపించుకోవాలి. పోయిన రెండు నెలలూ చూపించుకోలేదు. వారు ఆరోగ్యంతో, నిండు చూపుతో, ఇప్పుడున్నంత వయసు మరోసారి బతకాలని మనసారా కోరుకుంటున్నాను.

అటు వెళ్లే సహోద్యోగులారా, దయచేసి ఆ గది తలుపు తట్టండి. బాగున్నారా అని అడగకండి. బాగనే ఉన్న అంటారు. వెలుతురులో నిలబెట్టి, వేళ్లు చూపించి, ఎన్నో చెప్పమనండి. తడుముకుంటే ఆ పూటే దవాఖానకు తీసుకుపోయి, నాకొక కార్డు ముక్క రాయండి.