జూన్ అయిదు నాటి అర్జీ: శ్రీ దియోనీజస్ రూడిస్ గారికి అభినందన

1864 మార్చి మూడవ తేదీన కోవ్నో గుబేర్నియా కచేరీలో అర్జీలు నమోదుచేసే గుమాస్తాగా చేరిన శ్రీ దియోనీజస్ రూడిస్ గారు ముప్పై అయిదేళ్ల సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న శుభవేళ కచేరీ అంతా ఉప్పొంగిపోతోంది! నిష్కళంక సేవ అని రాయబోతే ఆయనే ఒప్పుకోలేదు.

విల్నా గుబేర్నియా నుంచి మన రాష్ట్రాన్ని విడదీసినప్పుడు వచ్చిన పాత దస్త్రాలను ఆయన అయిదేళ్లలో ఒక దారికి తెచ్చారు. ఏ పల్లె ఏ జిల్లాలోదో పటం విప్పకుండానే చెప్పగల ధారణాశక్తి వారిది. సరిహద్దు గీతలు గీసినవారికి బిరుదులు దక్కాయి, గుర్తుపెట్టుకున్న వారికి కుర్చీ అరిగింది.

1881లో పెద్ద గుమాస్తా పదవి వారి గుమ్మం దాకా వచ్చింది. నేమునస్ నది ఆవలి ఒడ్డు సువాల్కి గుబేర్నియా. అక్కడ నడిచేది కొత్త క్యాలెండరు, తేదీ మనకన్నా పన్నెండు రోజులు ముందు. ఆ ఒడ్డున ఉండే ఆగోటా అనే వితంతువుకు ఈ ఒడ్డున గడ్డిభూమి ఉంది. అది తనదేనని ఒక జమీందారు దావా వేశాడు. అభ్యంతరాలకు గడువు మే ముప్పై. ఆమె తన ఊళ్లో ఆ ఊరి తేదీతో అర్జీ రాయించి, వంతెన దాటి, మన లెక్కన మే ఇరవై నాలుగునే అందించింది. రూడిస్ గారు పరధ్యానంగా, అందిన తేదీ గడిలో అర్జీ మీది తేదీనే ఎక్కించారు: జూన్ అయిదు! గడువు దాటిందని అర్జీ కొట్టేశారు.

"గడువులోపలే ఇచ్చాను గదయ్యా! గడ్డి పోతే ఆవు చస్తుంది, ఆవు చస్తే నా పిల్లలేం తాగాలి?" అని ఆమె వచ్చి బావురుమంది.

రూడిస్ గారు రిజిస్టరు తెరిచి చూస్తే తన రాతే. దాన్ని పట్టుకుని పై అధికారి తెరెంతీ లుకిచ్ గారి ముందు నిలబడ్డారు.

"పై వరుస మే ఇరవై మూడు, కింది వరుస మే ఇరవై అయిదు. మధ్యలో జూన్ అయిదు ఎక్కణ్ణుంచి ఊడిపడింది దొరగారూ? తప్పు నాదే. రాసిస్తాను."

"నోరు మూసుకుంటే వచ్చే నెల పెద్ద గుమాస్తావి. నీకేం నొప్పయ్యా?"

"ఎండలు పోతున్నాయండి. ఆవిడ గడ్డి కోసుకోవాలి."

"రాసిస్తే ఈ జన్మలో పైకి పోవు!"

"పోనివ్వండి."

రాసిచ్చారు. కొట్టేసిన అర్జీని మళ్లీ తీసుకున్నారు, మూడోనాటికి ఆ భూమిలో ఆగోటా కొడవలి ఆడింది! రూడిస్ గారు మాత్రం పద్దెనిమిదేళ్లు అదే బల్ల దగ్గర ఉండిపోయారు. ఏ తప్పూ ఒప్పుకోని వారు ఒక్కొక్కరే మెట్లెక్కారు. వారి పేర్లిక్కడ అనవసరం. ఆవలి ఒడ్డు కాగితాలపై రెండు తేదీలూ వేసే నియమం ఆనాడు రూడిస్ గారు పెట్టినదే.

ఈ ఉదయం ఆగోటా స్వయంగా జున్నుగడ్డ చంకన పెట్టుకుని కచేరీకి వచ్చింది. "ఏమయ్యా రూడిస్, నిన్ను ముసలాడివని పంపేస్తున్నారా? నాకన్నా చిన్నోడివే!" అంటే పెద్దదొరలు సైతం లేచి నిలబడి నవ్వారు!

శ్రీ రూడిస్ గారు ధర్మపత్నీ సమేతంగా నిండు ఆరోగ్యంతో, కంటిచూపు తగ్గకుండా నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఇక ఏ గడువూ వారి జోలికి రాకూడదనీ రెండు ఒడ్ల ప్రజల పక్షాన మనసారా కోరుకుంటున్నాం.