కంప్యూటరు కార్డులకు బొట్లు

ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. మా ఆవిడ విసనకర్ర అందించింది.

"మీ ప్రోగ్రాం ఇవాళైనా కంపైలో ఏదో అయిందాండీ?"

"ఎక్కడే! ప్రోగ్రాం ఎక్కించిన చిల్లుల కార్డులు మిషన్లో ఇరుక్కుంటున్నాయి. మా ఆఫీసులో ఆ అంతోనీవి మాత్రం గడగడా వెళ్ళిపోయాయి. హైదరాబాదు ట్రైనింగుకి వాణ్ణే పంపుతారట. పైగా నన్ను చూసి నవ్వుతాడు."

"అదేంటండీ? శుక్రవారం మీరు ఇంటికి తెచ్చినప్పుడు ఒక్కో కార్డుకీ తడి కుంకుమతో బొట్టు పెట్టానే!"

"అందుకా అంటుకుపోయాయి! వాళ్ళావిడ మార్త ఏం పెట్టిందో?"

"ఏం పెడుతుంది, ఊరికే ప్రార్థన చేసిందట."

అయ్యా, బొట్ల సంగతి మేనేజరుకి చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే అంతోనీ హైదరాబాదు పోతాడు. ఏది తక్కువ నష్టమో మీరే చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది.