ముందున్నదే అక్క

అసలు ఆ పిల్లని ఎందుకు సార్ ఆ అద్దాల గదిలో కూర్చోబెట్టారు? పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నాకు ఆడపడుచే, కాదనను. వెనకేసుకొస్తున్నానని మాత్రం అనుకోకండి. విచారణకి వచ్చారు కదా, నన్నూ అడగండి.

మా రెండు ఉపగ్రహాల్లో ఇంధనం చుక్క లేదు. అంత కిందుగా తిరుగుతాయి కాబట్టి అక్కడ కాస్తో కూస్తో గాలి ఉంటుంది, దాంతోనే నెట్టుకొస్తున్నాం. రెక్కల్ని గాలికి అడ్డంగా తిప్పితే 'నిలబెట్టడం' అంటాం. నిలబెడితే ఏమవుతుందంటారు? ఆగుతుందా? అందరూ అదే అనుకుంటారు! కాస్త కిందికి దిగుతుంది, దిగితే వేగం పెరిగి ముందుకి పోతుంది. నవ్వకండి సార్, మా బతుకంతా ఈ తిరకాసే.

ముందున్నదాన్ని అక్క అంటాం, వెనకున్నదాన్ని చెల్లి. పోయిన సోమవారం వెనకదాన్ని ముందుకి తెచ్చాం. గోడమీద బోర్డులో పేర్లు నేనే మార్చాను. కంప్యూటర్లో మాత్రం పాత పేర్లే ఉండిపోయాయి.

ఇవాళ పొద్దున సూర్యుడి మీద తుఫాను రేగింది. పైన గాలి చిక్కబడి రెండూ దగ్గరపడసాగాయి. డ్యూటీలో ఆ పిల్ల ఒక్కతే ఉంది, నాకు ఫోన్ చేసింది. అక్కని నిలబెట్టు అన్నాను. మళ్లీ ఏమైనా అడిగిందా అంటారా? లేదు సార్, మరో మాట అడగలేదు. ముందుది ఇంకా ముందుకి పోతే ఎడం పెరుగుతుంది కదా! తనేమో కంప్యూటర్లో అక్క అని ఉన్నదాన్ని నిలబెట్టింది. అది ఇప్పుడు వెనకున్నది సార్!

తప్పు తెలిసేసరికి అవి మా యాంటెన్నాకి అందనంత దూరం పోయాయి. వెనకది కిందనుంచి తరుముకొస్తోంది. దాటేటప్పుడు మధ్యలో ఇరవై మీటర్లు ఉంటుందని లెక్క. మా లెక్కే యాభై మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది. ఇంకేం చెప్పమంటారు?

మూడూ పదికి మళ్లీ అందుతాయి. అదిగో, యాంటెన్నా తిరుగుతోంది. తెరమీద రెండు గీతలు రావాలి. హమ్మయ్య, ఒకటి వచ్చింది. రెండోది కాస్త వెనకగా... ఉండండి సార్, కుర్చీ చప్పుడు చెయ్యకండి.

రాలేదు.

ఆ పిల్ల నా గురించి ఏమైనా చెప్పిందా మీకు? లేదా? చెప్పదు లెండి. ఇందాక మీరడిగితే, తను నన్ను మరో మాట అడగలేదన్నాను. అబద్ధం. అడిగింది సార్. "ఏ అక్క వదినా, ఇప్పటి అక్కా, పాత అక్కా?" అనే అడిగింది.

పోయిన వారం మా ఆఫీసు పెద్దాయన అందరి ముందూ తనని మెచ్చుకున్నాడు. ఆ మంట నాకింకా చల్లారలేదు. "అక్కంటే అక్కే, ఆ మాత్రం తెలీదా?" అని ఫోన్ పెట్టేశాను.

రాసుకోండి.