అడుగుడు బంద్

తాండూరు ఇంట్లో తల్లి కందిపప్పు చెరుగుతుంటే, పెళ్లి సంబంధాల మీద పరిశోధన చేస్తున్న కూతురు వచ్చి పక్కన చతికిలబడింది.

“ఏమైంది బిడ్డా? ఇంటింటికి పోయి అడిగొస్తనంటివి కద?”

“అడిగిన. కోడలిని తెచ్చుకునేటప్పుడు ఏం చూస్తరంటే, అందరిదీ ఒకటే మాట. పిల్ల గుణం చూస్తరంట.”

తల్లికి నవ్వాగలేదు. “అబద్ధం! పెండ్లి బంతిల కూసుంటే రంగు, ఎత్తు, నౌకరి తప్ప ఇంకో ముచ్చట రాదు.”

“అందుకే ఇగ అడుగుడు బంద్. నీతోని పెండ్లిళ్లకొస్త. పక్కన కూసోని వింట.”

ఎన్నేళ్లు బతిమాలినా ఏ పెళ్లికీ రాని పిల్ల! తల్లి చేట పక్కనపెట్టి, లేచి పట్టుచీర తీసింది.

“రేపే వికారాబాద్‌ల పెండ్లుంది. ఇది కట్టుకో.”

“వాళ్లను చూసేది నేను. నాకు పట్టుచీరెందుకే?”

“నువ్వొక్కదానివే చూస్తవు. నిన్ను చూసెటోళ్లు బంతినిండ ఉంటరు!”