మాలకొండమ్మని పట్టిందెవరు?

చింతల డొంక పక్కన ఈరమ్మ బావి ఉందే, దాని మీద తాటిపట్టెలు ఎందుకు పరిచారో తెలుసా మీకు? గొడ్లు పడతాయనా? కాదర్రా, ఈరమ్మ పైకి రాకుండా. మొగుడు ఎంత కొట్టినా ఒక్క మాట ఎదురనకుండా, ఓ రోజు కడవ గట్టు మీద పెట్టి ఆ బావిలో దూకిన మనిషి ఆవిడ.

సరే, మన మాలకొండమ్మ సంగతికొద్దాం. నోట్లో నాలుక లేని పిల్ల. మొగుడు తిరపతయ్య చెయ్యి చేసుకుంటే తల వంచుకునేది. అట్టాంటిది బాలింతగా ఉన్నప్పుడు, పసిది ఏడుస్తోందని వాడు ఉయ్యాల మీదికి చెయ్యెత్తాడో లేదో, ఈనిన కుక్క దగ్గరికి పోతే ఎట్టా మీదపడుద్దో అట్టా పడి, వాడి మణికట్టు నెత్తురొచ్చేదాకా కొరికింది. ఇంకేం, ఆడదానికి అంత కోపం దానంతటది వస్తుందా, ఈరమ్మే పట్టిందని ఊరంతా అన్నారు. దెయ్యం పట్టినదాని పాలు పట్టకూడదని అత్త పిల్లను లాక్కుంది. అవతల పిల్ల గుక్కపెడితే ఇవతల దీని రవికె తడిసిపోయేది. దెయ్యమని తేలితే బిడ్డ ఇక దక్కదు, అదే మాలకొండమ్మ భయం. అంతకంటే భయం ఏందంటే, ఆ కోపం తనదో ఈరమ్మదో తనకే తెలియలా.

మిట్టమధ్యాన్నం బావి దగ్గర కూర్చోబెట్టారు. దెయ్యాలు వదిలించే మస్తానయ్య సాంబ్రాణి పొగ వేసి, ఎవరే నువ్వు, ఎందుకు పట్టావే అని గద్దించాడు. ఇది పలకలా. పలికేదాకా కొట్టమని వేపమండ తిరపతయ్య చేతికే ఇచ్చాడు. కాస్త ఎడంగా అత్త ఒళ్లో పిల్ల ఏడుస్తానే ఉంది. వాడు మండ ఎత్తాడు, మాలకొండమ్మ ఈసారి తల వంచలా, వాడి కళ్లలోకే చూసింది, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, బావి మీద తాటిపట్టెలు దడదడ ఊగినై, ఆ తర్వాత వాడి నోట్లోంచి ఆడగొంతు వచ్చిందమ్మా!

"దీన్ని నేను పట్టలేదురా మస్తానయ్యా. ఆ కోపం దానిదే. అందులో సగం నాకు వచ్చుంటే నేనీ బావిలో దూకేదాన్నా?"

అంతే, వాడు దబ్బున పడ్డాడు. మాలకొండమ్మ లేచి, అత్త ఒళ్లోంచి పిల్లను తీసుకుని, ఆ బావి గట్టు మీదే కూర్చుని పాలిచ్చింది.

తిరపతయ్య లేచి తిరిగాడు గానీ, ఆ చెయ్యి మళ్లీ పెళ్లాం మీదికి లేవలా. అందుకే చెప్తున్నా, ఆ బావి వైపు పోవద్దు. ఆడోళ్లకేం కాదులే. ఏరా పోలయ్యా, నువ్వెందుకు తల దించుకున్నావు? నువ్వు మాత్రం చుట్టు తిరిగే ఇంటికి పో.