ఈదమ్మకేసిన మొదటాకు

ఈదమ్మ అని, విస్తళ్లు కుట్టే ఆమె. బూరుగుకొండ కింద గూడెంలో ఉండేదంట. ఉండేదంట అన్నానని చచ్చిపోయిందనుకునేరు, ఇయ్యాల పొద్దున గూడా ఆకుల మోపు నెత్తినేసుకోని నా ముందర్నించే పోయింది. కథంటే అట్టా చెప్తేనే నాకు నోరు తిరుగుద్ది, ఏం చేసేది. ఆ ఈదమ్మ చెయ్యి ఎట్టాంటిదంటే, మోదుగాకు మీద మోదుగాకు పెట్టి, వెదురు ఈనెతో చకచకా గుచ్చుకుంటా పోతే, ఆ విస్తట్లో పులుసు పోసినా కిందికి చుక్క దిగదు. ఎండాకాలంలో మోదుగపూవు రాలినాక, లేతాకు ముదిరీ ముదరకుండా ఉన్నప్పుడే కొండెక్కి కోసుకొచ్చి, ఆరబెట్టి, కట్టలు కట్టి చూరు కింద పెట్టుకుంటే ఏడాదంతా కుట్టుకోవచ్చు. చుట్టుపక్కల పన్నెండు పల్లెల్లో పెళ్లికైనా దినానికైనా ఆమె ఆకే. ఇంక ఆకులు కుట్టేవాళ్లకి మా తట్టు రెండు కట్టుబాట్లు ఉన్నాయి, ఇయ్యి బాగా చెవినబెట్టండి, రాసుకునే అబ్బయ్యా నువ్వు గూడా రాసుకో, కథంతా దీనిమీదనే నడవాల. ఒకటి, ఆకులు కావాలని వస్తే ఎవరింటి భోజనాలని అడగకూడదు. పెళ్లిలో తినేదీ ఆకే, చావులో తినేదీ ఆకే, అడిగి ఎంచుకోకూడదని. రెండోది, బంతిలో మొదటాకు కుట్టినామెది. ఆమె కూచ్చోని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకనే మిగతావాళ్లు కూచ్చోవాల. ఎవరైనా సరే. ఒకసారి కిందపల్లె పెళ్లిలో మగపెళ్లివాళ్ల పెద్దాయన, ఎవరో ఆకులామె కోసం మేం ఆగేదేందని ముందే కూచ్చున్నాడంట. బంతిలో ఒక్క మనిషి కూచ్చుంటే ఒట్టు. పాపం ఆయన చుట్టూ చూసి చూసి, పంచె దులుపుకోని మళ్లా లేచినాడు. ఒరే వెంకటసుబ్బా, నవ్వుతావేందిరా, ఆయన మీ తాతే.

ఇప్పుడు ఏమైందంటే, శ్రావణమాసంలో కిందపల్లె వంటాయన కోటిలింగం గూడేనికొచ్చి, "ఈదమ్మా, పెద్ద భోజనాలున్నాయి, వెయ్యి ఆకులు కావాల" అన్నాడు. వెయ్యంటే మాటలా. అయినా సరేనని మాటిచ్చింది. ఎవరింట్లోనని అడగలేదు, కట్టుబాటు గదా. కూచ్చోని కుట్టింది, పగలల్లా కుట్టింది, వేళ్లు పుండ్లు పడేటట్టు కుట్టింది. తొమ్మిదొందల పైన అయినాక తెలిసిందయ్యా అసలు సంగతి. బూరుగుకొండ తవ్వి కింద ఉన్న రాయి తీసుకుంటామని ఒక కంపెనీవాళ్లు సర్కారునడిగినారంట. కొండ సర్కారు అడివి గదా, ఇచ్చేముందు జనం మాట వినాలని రూలుంది, వినేదానికి కొండ కిందనే పెద్ద షామియానా ఏసి మీటింగు పెడతారంట, మీటింగుకొచ్చిన వాళ్లకి కంపెనీవాళ్లే భోజనం పెడతారంట. ఆ భోజనానికే ఈ వెయ్యి ఆకులు! ఇది గూడెంలో తెలిసీ తెలవంగానే గూడెం పెద్ద బయ్యన్న వచ్చి ఈదమ్మ గుడిసె ముందర నిలబడినాడు. ఆమెకి మామవరస. ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి. "ఏమ్మేయ్ ఈదమ్మా, మన కొండకి దినం పెడతంటే, దానికి ఆకులు మనమే కుట్టియ్యాలా" అన్నాడంట. అంతే అన్నాడు, ఎక్కువ అన్లేదు. ఆ రోజు నించీ గూడెంలో ఆడోళ్లు ఆమెతో నీళ్లకి పోవడం మానుకున్నారు. సొంత తోడికోడలు గూడా మొహం తిప్పుకోని పోయిందంటే ఇంక చూసుకోండి. ఆమె ఏడ్చింది, తిట్టుకుంది, ఆకుల కట్టలు చూరులోంచి లాగి అవతల పడెయ్యబోయి మళ్లా పెట్టింది. ఎట్టా పడేస్తది, మాటిచ్చె గదా. అప్పుడు ఆమెకే తట్టిందంట. "మాటిచ్చినాను, ఆకులిస్తాను. ఇచ్చినాక నా ఆకు నేనడుగుతాను" అనుకుంది. మిగిలిన ఆకులు గూడా కూచ్చోని కుట్టింది. ఒక్కటి తగ్గకుండా వెయ్యీ కోటిలింగానికి అప్పజెప్పింది.

మీటింగు రోజున చూడాల, పన్నెండు పల్లెలూ ఆడనే ఉన్నాయనుకో. పోలీసులు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, ఫ్యాన్లు. జిల్లా నించి ఒక పెద్దాఫీసరమ్మ వచ్చి మధ్యలో కూచ్చుంది. మొహం మంచిదే, నవ్వు మాత్రం లేదు. ముందు కంపెనీ తరఫున కళ్లజోడాయన లేచి దిండంత పుస్తకం ఒకటి తీసి చదివినాడు. "సదరు కొండపైన పొదలు తప్ప ఏమీ లేవు. నీటి వనరులు ఏమీ లేవు. ప్రజలకు ఉపయోగపడునది ఏమీ లేదు" అని, ఏమీ లేదు ఏమీ లేదు అని మూడు నాలుగుసార్లు చదివినాడు. తలకాయ ఎత్తితే ఎదురుగ్గా కొండ, శ్రావణమాసం గదా, పచ్చగా కళకళలాడతా ఉంది. ఆయన మాత్రం పుస్తకంలోంచి తలకాయ ఎత్తలేదు. తర్వాత కిందపల్లె యల్లమంద లేచినాడు. ఇదిగో, ఈయన్ని నేను తిట్టను. బోర్లు రెండేసినాడు, రెండూ ఎండిపోయినాయి. "మా ఊళ్లో పనిలేదు మేడం. నా తమ్ముళ్లిద్దరూ హైదరాబాదులో ఇటుకలు మోస్తన్నారు. గని వస్తే ఇంటికాడ ఉండి పని చేసుకుంటాం. గని రానియ్యండి" అన్నాడు. చప్పట్లు గూడా కొట్టినారు. ఆయన చెప్పిందీ నిజమే గదా, కడుపు ఎవరికైనా కడుపే. ఆ తర్వాత మన బయ్యన్నని పిలిచినారు. మూడు నిమిషాల్లో చెప్పాలని గడియారం చూపించినారు. ఆయన జన్మలో మైకు పట్టుకున్నాడా ఏమన్నా! తన గొంతు తనకే అంత పెద్దగా వినపడేతలికి బెదిరిపోయి, "ఆ కొండ మాది" అన్నాడు, ఆగిపోయినాడు. కళ్లజోడాయన మెత్తగా అడిగినాడు, మీదని కాగితం ఏమైనా ఉందా పెద్దాయనా అని. లేదు. యాడిది కాగితం. "అది సర్కారు అడివి గదా" అన్నాడాయన. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. బయ్యన్న మైకు అట్టనే చేతిలో పట్టుకోని నిలబడిపోయినాడు, మూడు నిమిషాలూ అట్టనే అయిపోయినాయి. ఆ ముసలాయన తలొంచుకోని వచ్చి కూచ్చుంటే ఈదమ్మ లేచింది. నా పేరు గూడా రాసుకోండయ్యా, నేను మాట్లాడాల అని పోయి అడిగింది. టైమయింది, భోజనాల తర్వాత చూద్దాం అన్నారు. భోజనాల తర్వాత ఎవరుంటారు, తిని చెయ్యి కడుక్కోని ఎవరి దారిన వాళ్లు పోరా? ఆ సంగతి వాళ్లకి తెలియకనా.

సరే, చాపలు పరిచినారు. ఆకులేసినారు. ఎంత ముచ్చటగా ఉన్నాయనుకున్నారు, బారుకి బారు, వెయ్యి ఆకులు. పులిహోర వాసన ఘుమఘుమా వస్తా ఉంది. పొద్దుననగా వచ్చిన జనం గదా, అందరికీ ఆకలి దంచేస్తా ఉంది. కోటిలింగం అలవాటు చొప్పున గరిటె పట్టుకోని కేకేసినాడు, "ఆకు కుట్టినామె యాడుందమ్మా, వచ్చి కూచ్చో" అని. ఈదమ్మ వచ్చింది. కొంగు నడుముకి దోపుకోని, మొదటాకు ముందర మఠం వేసుకోని కూచ్చుంది. జనం అంతా ఆకుల ఎనకాల నిలబడి చూస్తన్నారు. కోటిలింగం పులిహోర వడ్డించబోయినాడు. ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, ఇందులో చింతపండు యాడిది?" అంది. "యాడిదేంది ఈదమ్మా, మీ గూడెంవాళ్లు అమ్మిందే, కొండమీద చింతచెట్లది" అన్నాడు. "అయితే వద్దన్నా. కొండమీద ఏమీ లేదంట గదా" అంది. ఆయనకి ముందు అర్థం కాలేదు. ఉసిరికాయ పచ్చడి తెచ్చినాడు. "ఉసిరికాయలు?" "కొండవే." "వద్దు." పాయసం తెచ్చినాడు. పైన సారపప్పు తేలతా ఉంది. ఆ పప్పు ఆమె పోయిన ఎండాకాలంలో ఏరుకొచ్చి కొట్టి అమ్మిన పప్పే. "వద్దన్నా. ఏమీ లేనికాడ నించి వచ్చిన పప్పు ఎట్టా తినేది." అప్పటికి కోటిలింగానికి అర్థమైంది. గరిటె గంగాళంలో పెట్టేసి చేతులు కట్టుకోని నిలబడినాడు. చూడండి ఇంక, వెయ్యి మంది నిలబడున్నారు, ఒక్క మనిషి కూచ్చోనుంది, ఆమె ముందర ఆకు ఖాళీ. కంపెనీవాళ్లు వచ్చి, తినండమ్మా తినండి, అందరూ తినండి అని చేతులు ఊపినారు. ఒక్కరు కూచ్చోలేదు. గని కావాలన్న కిందపల్లెవాళ్లు గూడా కూచ్చోలేదు. మా తట్టు జనం సంగతి నేను గొప్పకి చెప్పడం కాదు గానీ, ఆకలికి తూలతానైనా నిలబడతారు గానీ మొదటాకు దాటరు.

ఏందో గలాటా అయిందని పెద్దాఫీసరమ్మ లేచి వచ్చింది. "ఏమ్మా, ఎందుకు తినడం లేదు?" అనడిగింది. ఈదమ్మ కూచ్చున్నకాడ్నించే తలెత్తి, "ఎట్టా తినేదమ్మా? ఈ ఆకు ఆ కొండది. గుచ్చిన ఈనె ఆ కొండమీద వెదురుది. నీ పందిరికి పాతిన గుంజలు ఆడియ్యే, పొయ్యి కింద కట్టెలు ఆడియ్యే, పొద్దున నీ కుర్చీ కింద ఊడ్చిన చీపురు గూడా ఆడిదే, మా తోడికోడలు కట్టింది. మీ పుస్తకంలో చూస్తే ఏమీ లేదని ఉంది. ఏమీ లేనప్పుడు నా ఆకు గూడా లేనట్టే గదా. లేని ఆకులో ఏం తినేది?" అనింది. ఆఫీసరమ్మ చానాసేపు ఆ ఆకు వంకే చూసి, కళ్లజోడాయన తట్టు తిరిగి, "మీరు కొండెక్కి చూసి రాసినారా?" అనడిగింది. ఎక్కలేదంట. పైన ఆకాశంలో తిరిగే మిషను తీసిన ఫోటో చూసి రాసినారంట. ఏ నెలలో తీసిన ఫోటో అంటే, మార్చిలో అన్నాడు. ఈదమ్మ నవ్వేసింది. "మార్చిలో మోదుగచెట్టుకి ఆకెట్టుంటదయ్యా, అప్పుడు అంతా పూవే గదా. గుండు చేయించుకున్న రోజు చూసి, నీకు జుట్టే లేదంటే ఎట్టా?" అంది. నవ్వని ఆఫీసరమ్మ గూడా నవ్వు కనపడకుండా మొహం అటు తిప్పుకుంది.

తర్వాత ఆఫీసరమ్మ, "అమ్మా, నేను ఔనని గానీ కాదని గానీ చెప్పే మనిషిని కాదు. మీరు చెప్పింది రాసి పైకి పంపిస్తాను, అంతే" అంది. ఆ మాట దొరికింది ఈదమ్మకి. "అయితే రాయి తల్లీ. నువ్వొకటి రాస్తే, మా కోటిలింగమన్న ఒకటి వడ్డిస్తాడు" అంది. మైకు తెచ్చి ఆకు పక్కన పెట్టినారు. గడియారం ఎవరూ చూపించలేదు. చింతచెట్లు ఉన్నాయని ఈదమ్మ చెప్పింది, ఆఫీసరమ్మ రాయించి పైకి చదివించింది, కోటిలింగం పులిహోర పెట్టినాడు. ఉసిరి రాసినారు, పచ్చడి పడింది. సారచెట్లు రాసినారు, పాయసం పడింది. గొడ్లు మేసే బీడు రాసినారు, మజ్జిగ పడింది. ఆమెకి మతికి రాని ఆకూ దుంపా జిగురూ తేనే అన్నీ పక్కనించి బయ్యన్న అందించినాడు. మైకు ముందర బెదిరిన మనిషి ఇప్పుడు మైకు ఉందనే మర్చిపోయినాడు. ఏ బండ కింద ఏ దుంప ఊరుద్దో, ఏ చెట్టు ఎవరి తాత ఎక్కినాడో అన్నీ వరసబెట్టి చెప్తన్నాడు. కాగితం నిండతా ఉంది, ఆకు నిండతా ఉంది. ఆఖర్న అన్నం మిగిలింది. కోటిలింగం అన్నం తెస్తే ఈదమ్మ మళ్లా చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది మేం చెప్పేది కాదు, ఇది కిందపల్లె వడ్లు. తమ్ముడూ యల్లమందా, నువ్వే చెప్పాల" అంది. అందరూ యల్లమంద వంక చూసినారు. ఆ మనిషి మొహం చూడాల అప్పుడు. ముందుకొచ్చినాడు. "రాసుకోండి మేడం. మా కుంటలోకి నీళ్లొచ్చేది బూరుగుకొండ వాగులోంచే. బోర్లు ఎండినా ఆ కుంట కింద ఎకరం పండింది, ఆ వడ్లే ఇయ్యి. గని కావాలని పొద్దున చెప్పింది నేనే. నాకు పని కావాల, అది గూడా రాసుకోండి, కొట్టెయ్యబాకండి. కానీ కొండమీద ఏమీ లేదనేది మాత్రం అబద్ధం" అన్నాడు. అన్నీ రాసినారు. ఆయన చెప్పినవి రెండూ రాసినారు. అప్పుడు కోటిలింగం చేతిలో గరిటె యల్లమందే తీసుకోని, ఈదమ్మ ఆకులో అన్నం తనే వడ్డించినాడు.

ఈదమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అప్పుడు కూచ్చున్నారు చూడు జనం! వెయ్యి మంది ఒక్కసారి కూచ్చుంటే చాపలు సర్రుమన్నాయి. ఆఫీసరమ్మ గూడా కుర్చీ వద్దని కిందనే కూచ్చోని తినింది. ఈదమ్మ తోడికోడలు పక్కనే వచ్చి కూచ్చోని, తన ఆకులో పాయసం ఆమె ఆకులోకి వంచింది. బయ్యన్న తినకుండా ఆమె వంక చూస్తా, "మా కోడలే, మా ఇంటి కోడలు" అని అటుపక్క వాళ్లకీ ఇటుపక్క వాళ్లకీ చెప్తా ఉన్నాడంట. అంతకు ముందు ఆమెని మాటన్నది ఎవరయ్యా అంటే, అదేం నాకు మతికి లేదన్నాడు. అట్టాంటోడు.

ఆ కాగితం పైకి పోయింది. ఆర్నెల్లకి తిరిగొచ్చింది, కొండెక్కి చూడకుండా రాసిన పుస్తకం చెల్లదు, గూడెంవాళ్లని వెంటబెట్టుకోని మళ్లా చూసి రాయండని. కంపెనీవాళ్లు ఒకసారి వచ్చి, సగం కొండ ఎక్కి, ఆయాసపడి దిగిపోయినారు, మళ్లా రాలేదు. నాలుగేళ్లైంది. రేపొస్తారో, ఎల్లుండొస్తారో, నేనేం జోస్యం చెప్పను. వస్తే రానీ. మీటింగు పెట్టాల్నా, భోజనం పెట్టాల్నా, భోజనానికి ఆకులు కావాల్నా? ఈదమ్మ కాడికే రావాల. ఆమె మాత్రం ఇప్పటికీ ఎవరింటి భోజనాలని అడగదు. అడగాల్సిన పని లేదంటది, ఎటూ మొదట కూచ్చునేది నేనే గదా అంటది. అబ్బో, ఆ మాటన్నప్పుడు ఆమె పొగరు చూడాల! ఉండనీ, ఆ మాత్రం పొగరు మా గూడేనికి అందం.

ఏమయ్యా రాసుకునే అబ్బయ్యా, ఇంక కాగితం మడిచిపెట్టు. లోపల భోజనాలకి ఆకులేసినారు, ఈదమ్మ కూచ్చునింది, నీకోసమే చూస్తన్నారు. తినేముందు ఒక్కమాట, నువ్వు రాసిందేందో ఒకసారి పైకి చదువు, ఎందుకైనా మంచిది. యాడన్నా "ఏమీ లేదు" అని రాసినావేమో చూసుకోవాల గదా.