ఎడమవైపుది నొక్కమన్నావు

ఇంకా తినలేదంటే ఏమిటయ్యా అర్థం? బతికున్నప్పుడు నేను మంచినీళ్ళు తెచ్చేలోపు గిన్నె ఖాళీ చేసి లేచిపోయేవాడివి. చచ్చాక వచ్చిందా నీకీ నిదానం?

పెయ్-లిన్! మామయ్యకి పంపే డబ్బు కాగితాలకి అప్పుడే నిప్పు అంటించకమ్మా. మీ మామయ్య ఇంకా తింటూనే ఉన్నాడు. ఏంటీ, పిల్లలకి ఆకలా? ఆగమను. పెద్దవాళ్ళు లేవకుండా చిన్నవాళ్ళు కూర్చునే ఇల్లు కాదిది.

విన్నావా? అందరూ నీ కోసమే కాచుకున్నారు. నువ్వు పోయాక వచ్చిన మొదటి ఏడో నెల పున్నమి, పోయినవాళ్ళు ఇంటికొచ్చి తినే రోజు. ఏం తక్కువ చేశాను? పాలబొంత చేప పొట్టముక్క, ముళ్ళన్నీ తీసి పెట్టాను. బియ్యం సారా గిన్నెలు నింపి పెట్టాను. పులుసులో ఉప్పు తగ్గిందా? అది నీ కోడలి చెయ్యి. వెదురు మొలకలు ఉడికాక ఉప్పు వెయ్యమ్మా అని ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది.

సరే, మళ్ళీ వేస్తాను నాణేలు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే తిన్నానని. రెండూ బొరుసైతే తినలేదని. రెండూ బొమ్మలైతే నవ్వుతున్నావని. అది మాత్రం వద్దు. నీ నవ్వు నాకు బతికున్నప్పుడే పడేది కాదు.

ఊఁ... పెయ్-లిన్! ఇంకా తినలేదట! ఆ పులుసు చల్లారిపోయింది, వేడి చేసుకురా. ఆ గిన్నెలో కాదు తల్లీ, మూత ఉన్నదాన్లో!

వెళ్ళింది.

కాస్త కూర్చోనీ. మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా.

నీ గది తలుపు తీసే ఉంచాను, చూశావా? గది అంటే ఏమిటిలే, నా కుట్టుమిషను ఉండే గది. మిషనేమో వరండాలోకి పోయి వానకి తుప్పు పట్టింది. దాని చోట్లో నీ బొమ్మరైళ్ళు. జర్మనీ బండి, స్విస్సు బండి, మంచులో నడిచే బండి. ఎక్కడెక్కడి కొట్లనుంచో తెప్పించేవాడివి. ఒసాకా కొట్టువాడు సముద్రం దాటించి పంపడట. అందుకని అక్కడే ఇంకెవరిదో గోదాముకి చేర్చి, వాళ్ళు ఓడెక్కిస్తే, ఇక్కడ నువ్వు గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చునేవాడివి. పెట్టెలో పెట్టె, దాన్లో ఇంకో పెట్టె. ఆ బుడగల కవరు ఒక్కసారి చిట్లించానని నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. మర్చిపోయాననుకున్నావా?

పైగా తెల్లటి చేతితొడుగులు! ఇన్నేళ్ళ కాపురంలో నా చెయ్యి అంత పదిలంగా ఎప్పుడైనా పట్టుకున్నావా?

ఒకసారి అడిగాను కదా, గుర్తుందా? "ప్రపంచంలో బళ్ళన్నీ తెచ్చిపెట్టావు, మిల్లుకి చెరకు మోస్తూ నువ్వు నడిపిన మన చెరకు రైలుబండి ఏదయ్యా?" అని. నువ్వు నవ్వావు. "దాన్నెవరు చేస్తారే" అన్నావు. అంతే. అడిగినదానికి జవాబు చెప్పడం కంటే నవ్వెయ్యడం తేలిక నీకు.

అయినా నేను ఆ బండినే ఎందుకడిగానో నీకు తెలియదా? ఏటి మలుపు దగ్గరికి రాగానే బండి నెమ్మది చేసేవాడివి. మేం ఆడపిల్లలం పరిగెత్తుకొచ్చి పెట్టెల్లోంచి చెరకుగడలు లాక్కునేవాళ్ళం. మిల్లు కావలివాడు, ఆ సై అనేవాడు, నా మణికట్టు మీద కర్రతో కొట్టిన మచ్చ ఇదుగో, ఇప్పటికీ ఉంది. వాడి మనవడి పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు నేను. ఎందుకెళ్ళాలి? ఆ దెబ్బ తిన్న మర్నాటి నుంచి నువ్వు బండిని ఇంకా నెమ్మది చేశావు. ఎప్పుడూ నాతో అనలేదు కానీ, నేను చూడలేదా?

హాఁ, ఏమిటమ్మా? అల్లమా? వెయ్యి, సన్నగా తరిగి వెయ్యి. తొందరేం లేదు.

నేను చెప్పాల్సింది ఇది కాదు.

ఆస్పత్రిలో ఆ రోజు నీ ముక్కుకి గొట్టం తగిలించి ఉంది. వేలితో పిలిచావు. కోడలిని పక్కకి జరగమని నేను నీ నోటి దగ్గర చెవి పెట్టాను. ఇంతకాలం కలిసి బతికాం కదా, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. నువ్వేమన్నావు? "పెట్టె వస్తుంది. ఫోను మోగితే ఎడమవైపుది నొక్కు."

ఇదా? నాకోసం నువ్వు మిగిల్చిన మాట ఇదా? ఈసారి ఏ దేశం బండయ్యా అని అడిగాను. ఆ గొట్టంతోనే నవ్వావు. తర్వాత నీకు మాట రాలేదు.

అప్పుడే కడుపు మండింది నాకు.

నువ్వు పోయాక కూడా నీ ఫోను ఆపెయ్యనివ్వలేదు నేను. రోజూ నేనే ఛార్జింగు పెడుతున్నాను. ఎందుకో అడక్కు. ఒకనాటి పొద్దున బియ్యం కడుగుతుంటే మోగింది. నీ పేరు ఉంది తెర మీద, ఖో తియన్-షెంగ్ అని. ఆ మూడు చీనా అక్షరాలూ ఎక్కడున్నా గుర్తుపడతాను. సరుకు మీదేనా అని సుంకం వాళ్ళు అడిగే కబురు. నువ్వు వందసార్లు నా ముందే నొక్కావు కదా. ఎడమవైపుది నొక్కితే మాదే అని. కుడివైపుది నొక్కితే మాది కాదని.

కుడివైపుది నొక్కాను.

అందరికీ ఏం చెప్పానో తెలుసా? చదువురాని ముసలిదాన్ని, ఏదో తడబడి నొక్కేశానన్నాను. నేను! సంతలో తూకం ఒక్క గింజ తేడా వస్తే పట్టేసేదాన్ని, చదువురానిదాన్నని నా నోటితో నేనే చెప్పుకున్నాను. పాపం పెయ్-లిన్ నా వీపు నిమిరింది, "పోనీలెండి అత్తయ్యా, మీకేం తెలుసు" అని. ఆ చెయ్యి ఇంకా కాలుతోంది నా వీపు మీద. నాకా రాదు? "కాదు" అనే అక్షరం టీ బల్ల మీద నీళ్ళతో రాసి నేర్పించింది నువ్వేగా?

పెట్టె వచ్చిన దారినే వెనక్కి పోయింది. బాగా అయింది అనుకున్నాను. ఆ పూట అన్నం కూడా బాగా తిన్నాను.

మొన్న లియావ్ వచ్చాడు, నీ రైళ్ళ స్నేహితుడు. "వదినా, చెరకు బండి ఎలా ఉంది? ఒకసారి చూపించవూ?" అన్నాడు. ఏ చెరకు బండి అన్నాను. వెర్రివాడిలా నా మొహంలోకి చూశాడు. ఫోను తీసి ఫొటో చూపించాడు.

మన బండే. పొగగొట్టం పక్కన సొట్ట కూడా పెట్టారు. లెక్కపెట్టి కొన్నే చేశారట, మళ్ళీ చెయ్యరట. ఏటి మలుపుంది. ఆఖరి పెట్టె పక్కన గోరంత ఆడపిల్ల, టోపీ మీద గుడ్డ కట్టుకుని గడ లాగుతోంది. "అన్నయ్య ఆ కొట్టువాళ్ళ వెంటపడి పెట్టించాడు వదినా. పిల్ల లేకపోతే నాకు బండే వద్దన్నాడు" అన్నాడు లియావ్.

గుడ్డ ఎర్రగా వేశారు. నాది నీలం. నువ్వు చెప్పడమే తప్పు చెప్పి ఉంటావు.

తిరిగి తెప్పించమని అడిగాను. నేను, ఒకరి ముందు చెయ్యి చాచనిదాన్ని, లియావ్‌ని బతిమాలాను. ఆ కొట్టుకి ఫోను చేశాడు. వరసలో ఉన్న ఇంకెవరికో ఇచ్చేశారట. ఎవరో చెప్పరట. ఎవరింట్లోనో అద్దాల బీరువాలో నేను చెరకు లాగుతూ నిలబడి ఉన్నాను, ముసలోడా. మనింట్లో మాత్రం లేను.

ఉండు. అడుగుల చప్పుడు. వచ్చేస్తోంది.

ఇంకొకటుంది, త్వరగా చెప్పెయ్యనీ. ఇందాక నాణేలు మొదటిసారే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడ్డాయి. నువ్వు తిన్నానన్నావు. రెండోసారీ అదే అన్నావు. నేనే చెయ్యి అడ్డం పెట్టి తినలేదట అని అరిచాను. నిన్ను తిట్టింది కూడా దానికి వినపడాలనే. కాగితాలు అంటిస్తే నువ్వు లేచి వెళ్ళిపోతావు కదా. ఇది చెప్పకుండా ఎలా పంపను? నువ్వు అవునంటే నేను కాదని నొక్కడం... చేతికి అలవాటైపోయింది.

ఆఖరుసారి వేస్తున్నాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టను. తిన్నావా అని కాదు అడుగుతున్నది. ఏమడుగుతున్నానో నీకు తెలుసు.

...

రెండూ బొమ్మలే.

ఇప్పుడు కూడానా? ఇప్పుడు కూడా నవ్వేనా నీకు?

నవ్వు. నవ్వుకో.

పెయ్-లిన్! పులుసు అక్కడే దించెయ్యి, ఇక అక్కర్లేదు. తిన్నాడట మీ మామయ్య. కాగితాలు అంటించు.